మామ్మ మడి, పిన్ని ఊలు

పక్కింటి పిన్ని పోయిందని నాన్న కార్డు రాశారు. నాన్న కోర్టు గుమాస్తా. ఏది రాసినా ముందు క్షేమం, తర్వాత వర్షం, ఆ తర్వాతే అసలు సంగతి. అందుకని విజయనగరంలో వానలు వెనకబట్టాయనీ, అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయనీ చదువుకుంటూ వచ్చి ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. "మీ పిన్ని మొన్న మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయింది. చేతిలో సూదులున్నాయి." శ్రీకాకుళంలో నేను పనిచేసే ఆడపిల్లల బడిలో అప్పుడే గంట కొట్టారు. క్లాసులోకి వెళ్ళి ఏదో పాఠం చెప్పాను. ఏం చెప్పానో ఆ పిల్లల్నే అడగాలి.

శనివారం ఆమదాలవలస దాకా బస్సు, అక్కణ్ణించి రైలు. చావు జరిగిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డా ఉతికి ఆరేస్తారు. పెరటి నిండా తాళ్ళు, తాళ్ళ నిండా దుప్పట్లు, చీరలు, గలీబులు. చాకలామె వసారా మూలనున్న ఊలు బుట్టని కూడా ఎత్తబోయింది. పిన్ని అత్తగారు గోడకానుకుని కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, వీధి అందరికీ మామ్మ. కళ్ళు మూసుకునే అంది:

"దాన్నట్టుకోకు. ఊలుకి మైల లేదు."

చాకలామె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ ముక్క ఆవిడ నోటంట రావడానికి ఆ ఇంట్లో ఎంత యుద్ధం జరిగిందో నేను గోడ ఇవతలనుంచి చూసినదాన్ని. పేపర్లో రోజూ వచ్చే యుద్ధం కాదు. దాంతోపాటే మా వీధిలో నడిచిన మరొకటి. పిన్ని గురించి రాయమంటే నేను రాయగలిగింది అదే.

మద్రాసులో బి.ఏ. పూర్తిచేసి నేను ఇంటికొచ్చి పడ్డాను. పడ్డాను అన్న మాటే సరైనది. ఉద్యోగానికి నాన్న ఇంకా ఒప్పుకోలేదు, పెళ్ళికి నేను ఇంకా ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్న పుస్తకాలు అయిపోయాయి. పొద్దున్న లేస్తే మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని, మధ్యాహ్నమైతే సాయంత్రం ఎప్పుడవుతుందా అని అరుగు మీదా పెరట్లోనూ తిరిగేదాన్ని. మా పెరటికీ పిన్ని పెరటికీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడే నా కుర్చీ.

హాస్టల్లో వార్డెను సిపాయిలకి మఫ్లర్లు అల్లమని మా అందరికీ ఊలు ఉండలు పంచేది. నా మఫ్లరు సగంలో ఉండగా పరీక్షలొచ్చాయి, వాటి వెనకే బాంబుల భయమొచ్చింది, హాస్టలు ఖాళీ అయింది. సూదులతో సహా ఆ సగం మఫ్లరు నా పెట్టెలో విజయనగరం చేరింది. ఓ మధ్యాహ్నం ఏమీ తోచక గోడెక్కి కూర్చుని దాన్ని అల్లుతున్నాను. అటుపక్క పిన్ని చింతపండు పిక్కలు తీస్తోంది. గంటస్తంభం దగ్గర వాళ్ళకి బెల్లం, చింతపండు కొట్టుంది. కొట్టుకి కావలసిన చింతపండంతా ఇంటి ఆడవాళ్ళే పిక్కలు తీసి పంపాలి. ఇంటి ఆడవాళ్ళంటే పిన్ని ఒక్కతే. మామ్మ మడికట్టుకున్న మనిషి కాబట్టి ఆవిడ చూస్తుంది. భోజనాలయ్యాక దీపాలవేళ దాకా అదే పని, కాపరానికొచ్చిన మర్నాటి నుంచీ అదే పని. అప్పటికి పిన్నికి నలభై దాటాయి, కొడుకులకి మీసాలొచ్చాయి.

"ఏటే అది? వల అల్లతన్నావా?" అంది.

"మఫ్లరు పిన్నీ. మెడకి చుట్టుకునేది."

"ఈ విజీనారంలోనా? ఈ ఎండలో మెడకి సుట్టుకునే మొగుణ్ణి ముందు ఎతుక్కో. తర్వాత అల్లుదువు గాని."

అంటూండగానే ఆవిడ పిక్కలు తీస్తున్న చెయ్యి ఆగింది. నా సూదులకేసి చాలాసేపు చూసింది.

"ఒక్క దారమేనా?"

"ఒక్కటే."

"ఒక్క దారం అంత గుడ్డయిపోతాదా?" లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చింది. వాసన చూసుకుని మళ్ళీ వెళ్ళి కడుక్కొచ్చింది. "ఏదీ, ఇలా తే."

అలా మొదలైంది. నాకు వచ్చిందే ఒక్క రకం అల్లిక. దాన్ని ఇంగ్లీషు మాటల్లో నేర్చుకున్నాను, ఆవిడకి తెలుగులో ఎలా చెప్పాలో తోచక నీళ్ళు నమిలాను. నా మాటల కోసం పిన్ని ఆగలేదు, తనే పేర్లు పెట్టేసుకుంది. సూది మీద నిలబడే ఉచ్చు ఆవిడకి కన్ను, వల కన్నులాగా. ఒక్కో కన్ను అల్లడానికి నాలుగు మాటలు: "దూర్సు, సుట్టు, లాగు, దింపు." అన్నం వారుస్తూ అదే, నీళ్ళు తోడుతూ అదే. మామ్మ మా అమ్మని గోడ దగ్గరికి పిలిచి అడిగింది, "మా కోడలు ఏదో మంత్రం జపిస్తన్నాది. ఏ సామిదో కొంచెం కనుక్కోవే" అని.

నేర్చుకోవడం తేలిగ్గా ఏమీ జరగలేదు. ముడంటే బస్తా మూతి బిగించడమే తెలిసిన చెయ్యి అది. పిన్ని వేసిన కన్నులోకి రెండో సూది దూరేది కాదు, దూరితే వచ్చేది కాదు. వదులుగా వెయ్యి పిన్నీ అంటే, "వదులుగా కడితే సరుకు కారిపోద్దే" అనేది. సాయంత్రానికి వేలెడు పొడుగు అల్లి, మర్నాడు దాన్నంతా ఇప్పేసేది. నాకైతే ఇప్పాలంటే ప్రాణం పోయేది, నా తప్పులు కప్పి పైన అల్లుకుపోయే రకాన్ని. "ఇప్పడం కూడా పనేనే, బియ్యే" అనేది నాతో. బి.ఏ. పాసైనప్పటి నుంచి ఆవిడ నాకు పెట్టిన పేరు బియ్యే. ఇంకో మాట కూడా అనేది: "జారిన కన్ను నువ్వు సూడకపోయినా జారతానే ఉంటాది. ఏటి లాభం, సూడు మరి." ఇప్పుడు నా క్లాసులో లెక్క తప్పుచేసి స్లేటు దాచుకునే పిల్లలకి ఈ మాటే చెబుతాను, ఆవిడ యాసతో సహా.

నాకది కాలక్షేపంగానే ఉండిపోయింది. పిన్నికి మాత్రం పిచ్చి పట్టుకుంది. మేదరి వాళ్ళ చేత వెదురు పుల్లలు చెక్కించుకుని, కొబ్బరినూనె రాసి రాసి, అద్దంలా చేసుకుంది. నా మఫ్లరు లాక్కుని తనే అల్లుకుపోయింది. ఊలు అయిపోతే బాబాయి, అంటే ఆవిడ భర్త, బెల్లం కొనడానికి శృంగవరపుకోట సంతకి వెళ్ళినప్పుడు గొర్రెలవాళ్ళు కంబళ్ళ కోసం వడికిన నల్ల ఊలు తెచ్చేవాడు. మామ్మ కంట పడకుండా బెల్లం గంపలో అడుగున పెట్టి తెచ్చేవాడు. దాంతో చీమలొచ్చేవి. పిన్ని ఊలు ఉండని పెరట్లో దులిపి, చీమల్ని ఊది, మళ్ళీ కూర్చునేది. చింతపండు తట్ట ఎదురుగానే ఉండేది. మామ్మ కునుకు తీస్తున్నంతసేపూ సూదులు, మామ్మ కదిలితే చింతపండు.

ఒక చిక్కొచ్చింది. మఫ్లరు మొదలుపెట్టడం నాకొచ్చు, ముగించడం రాదు. హాస్టల్లో అంతదాకా వెళ్ళనే లేదు. పిన్ని అల్లుతూ పోతోంది, అది పెరుగుతూ పోతోంది. చివర గట్టిగా ఓ ముడి వేసి తెంపెయ్యమన్నాను. "ఇన్నాళ్ళు పెంచి పీక నులిమీమంటావేటి?" అని కసిరింది. నా హాస్టలు స్నేహితురాలి అక్క కొత్తవలసలో స్టేషను మాస్టరు భార్య. మంగుళూరు మనిషి, స్వెట్టర్లు కూడా అల్లుతుందని విన్నాను. సింహాచలం దర్శనానికని మామ్మతో చెప్పి ఇద్దరం బయల్దేరాం. దర్శనం నిజంగానే చేసుకున్నాం, పిన్ని దేవుడి దగ్గర అబద్ధం ఆడదు. తిరుగు ప్రయాణంలో కొత్తవలసలో దిగాం. ఆ మంగుళూరావిడకి తెలుగు రాదు, పిన్నికి మరో భాష రాదు. నేను మధ్యలో ఇంగ్లీషులో తర్జుమా చేద్దామని సిద్ధమయ్యాను. నన్నెవరూ పట్టించుకోలేదు. ఇద్దరూ మోకాళ్ళు తగిలేలా కూర్చుని, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని దిద్దుకుంటూ, రెండు బళ్ళు వెళ్ళిపోయేదాకా లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు పిన్ని కిటికీ పక్కన కూర్చుని అంది, "అదేం లేదే. ఒక కన్నుని ఇంకో కన్ను మీంచి దాటించీడమే. ఆఖరిదాని పీకలోంచి దారం లాగీడమే." రైలుపెట్టెలో వాళ్ళందరూ మాకేసి చూశారు.

ఆ మఫ్లరు బాబాయి మెడకెక్కింది. రోహిణి కార్తెలో. పొందూరు ఖద్దరు చొక్కా, దాని మీద నల్ల మఫ్లరు, మొహమంతా చెమట. కొట్టుకొచ్చిన ప్రతివాడూ అడిగేవాడు, "ఏటి షావుకారూ, జొరమేటి?" అని. "జొరం కాదు. మా ఇంటిది అల్లింది" అని బెల్లం తూచి ఇచ్చేవాడు. ఆ వేసవంతా అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు, మఫ్లరూ తియ్యలేదు.

అసలు గొడవ దాన్ని ఉతికిన రోజు వచ్చింది. పిన్ని దాన్ని తడిపి, పరధ్యానంలో మామ్మ మడిబట్టలు ఆరేసుకునే దండెం మీద వేసింది. మామ్మ స్నానం చేసి వచ్చి చూసింది.

"కుట్టిన గుడ్డ నా దండెం మీదా?"

"ఊలు అత్తా. ధావళి కూడా ఊలేగదా," అంది పిన్ని. ధావళి అంటే మడికి కట్టుకునే ఉన్ని బట్ట.

"ధావళి నేసినది. ఇది సూదితో సేసినావు. సూదితో సేసిందేదైనా కుట్టినదే. కుట్టింది మడికి రాదు. ఇకనుంచి దాన్నట్టుకుంటే తానం సేసిగాని నా వంటింట్లో కాలెట్టకు."

"సరే అత్తా," అంది పిన్ని.

ఆ సరే ఎలాంటిదో మామ్మకి అప్పుడు తెలియలేదు. ఆ రోజు నుంచి పిన్ని మధ్యాహ్నం చింతపండు పని మధ్యలోనే దాచుకోకుండా అల్లేది, సాయంత్రం నూతి దగ్గర తలమీంచి నీళ్ళు పోసుకుని వంటింట్లోకి వెళ్ళేది. ఎండాకాలం బాగానే ఉంది. వానలొచ్చాయి. వానలో కూడా అంతే. అప్పటికి ఆవిడ పెద్దదేదో, శాలువాలాంటిది మొదలుపెట్టింది. ఎవరికని అడిగితే, "ఎవలికో. ముందు అవనీ" అనేది. దీపావళి నాటికి శాలువా పూర్తయింది, పిన్నికి దగ్గు పట్టుకుంది. దగ్గుతోనే నీళ్ళు పోసుకుని జ్వరం తెచ్చుకుంది. మామ్మ మంచం పక్కన నిలబడి మిరియాల కషాయం ఇస్తూ తీర్పు చెప్పింది:

"సూదులా, నా వంటిల్లా. ఏదో ఒకటి తేల్చుకో."

కొంచెం లేచి తిరగగలిగాక పిన్ని గోడమీంచి బుట్ట నాకందించింది. సూదులు, శాలువా, మిగిలిన ఊలు అందులో ఉన్నాయి. "నీ దగ్గర దాసు," అంది. పోనీలే పిన్నీ, ఊలే కదా, అన్నాను ఓదార్పుగా. ఆవిడకి కోపమొచ్చింది. నేను చూసింది అదొక్కసారే.

"ఊలు కాదే. ఊలు పోతే పోనీ. ఆ కాసేపూ నాది. నా పెళ్ళయిన కాణ్ణించి ఈ ఇంట్లో నాదనేది ఆ కాసేపే. అదీ పోతే మరింకేటుంది?"

మళ్ళీ చింతపండు తట్ట ముందు కూర్చుంది. పిక్క తీస్తూ తీస్తూ వేళ్ళు గాల్లో దూర్చేవి, చుట్టేవి. నేను గోడెక్కడం మానేశాను.

ఆ కార్తీకంలోనే పిన్ని మామగారి తద్దినం వచ్చింది. సాయం పట్టడానికి అమ్మతోపాటు నేనూ వెళ్ళాను. "వచ్చినప్పుడు ఆ బుట్ట తే" అని పిన్ని ముందే చెప్పింది. భోజనాలయ్యాక పంతులుగారు ధావళి సర్దుకుని తాంబూలానికి కూర్చున్నారు. మామ్మ, బాబాయి అక్కడే ఉన్నారు. పిన్ని గుమ్మం పక్కనుంచి అడిగింది:

"పంతులుగారూ, ఊలు మడేనా కాదా?"

"ఊలుకి మైలేమిటమ్మా. నేను కట్టుకున్నది మరేమిటి?"

"గుడ్డకి మడే," అంది మామ్మ. "కుట్టిన గుడ్డకి మడెక్కడిది? సెప్పండి పంతులుగారూ."

"అదీ నిజమే. కోసి కుట్టినది మడికి పనికిరాదు."

"అందులో కోతే లేదండి," అంది పిన్ని.

"నువ్వు సెప్తే సరిపోద్దేటి?" అంది మామ్మ.

పిన్ని నా చేతిలోంచి బుట్ట తీసుకుని లోపలికి వచ్చింది. శాలువా విప్పి అందరి ముందూ పరిచింది. చూసి పంతులుగారు కూడా ఆహా అన్నారు. పిన్ని దాని మూల వెతికి, ముడిని గోటితో విప్పి, దారం కొస మామ్మ చేతికిచ్చింది.

"లాగు అత్తా. ఊలు మడే అన్నారు గదా, నువ్వట్టుకోవచ్చు. కోత ఉంటే మద్దెలో తెగిపోతాది. కుట్టు ఉంటే సిక్కుకుంటాది. లాగు."

"ఒద్దే," అన్నాడు బాబాయి మెల్లిగా.

మామ్మ లాగింది. మొదట అనుమానంగా, రెండు వేళ్ళతో. అల్లిక కన్నులు ఒక్కొక్కటే విడిపోతూ ఒక వరస పోయింది, రెండో వరస పోయింది. వానాకాలమంతా నూతి దగ్గర వణికి వణికి చేసిన శాలువా నా ఎదుట కరిగిపోతూంటే నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. పిన్ని మాత్రం గుడ్డ నలగకుండా సర్దుతూ, దారం సాఫీగా వచ్చేలా అందిస్తోంది. ఓ చోట దారం పట్టేసింది. మామ్మ కళ్ళెత్తి కోడలికేసి చూసింది. అక్కడ రెండు ఉండలు కలిపిన అతుకుంది, నీళ్ళతో తడిపి అరచేతిలో నలిపి కలిపినది. అది విడిపోతే పిన్ని మాట పోయినట్టే. మామ్మ ఇంకొంచెం లాగింది. అతుకు విడిపోకుండా జారి బయటికొచ్చింది. ఆ తర్వాత మామ్మ ఆగలేదు. చిన్నపిల్లలా రెండు చేతులా లాగింది. చివరికి నేల మీద గుడ్డ లేదు, ఒళ్ళో కొండంత నల్లటి ఉంగరాల దారం మాత్రం ఉంది. ఎక్కడా తెగలేదు.

పంతులుగారికి ఇంకో ఇంటికి వెళ్ళే వేళవుతోంది. "ఇది కుట్టు కాదమ్మా, అల్లిక. పూలదండ ఎలాగో ఇదీ అలాగే," అని లేచారు.

మామ్మ ఆ దారం పోగుకేసి చూస్తూ అడిగింది. "ఎవలికే, ఇది?"

"నీకే. తెల్లారగట్ల తానం సేసి తడిగుడ్డతో వణుకుతావు గదా. ఈ విజీనారం మొత్తంలో సలేసేది నీకొక్కదానికే."

"మరి నా సేతే ఇప్పించీసినావేటి?"

"మళ్ళీ అల్లతాను."

"ఎప్పుడు?"

"మజ్జాన్నం."

"మరి సింతపండో?"

అప్పుడు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "సింతపండు కొట్టులోనే తీయించుకుంటాను," అని, అంత పెద్ద మాట అన్నందుకు తనే కంగారుపడి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

శాలువా ధనుర్మాసానికి మళ్ళీ పూర్తయింది. ఉంగరాలు తిరిగిన దారంతో అల్లడం వల్ల మొదటిదంత చక్కగా రాలేదు. మామ్మ అది కప్పుకుని జపం చేసుకుంటూ, వచ్చిన వాళ్ళందరికీ దాని కొస చూపించి, "లాగితే వచ్చీస్తాది, తెలుసా" అని భయపెట్టేది. ఇక పిన్నికి అడ్డులేదు. హార్మనీ పెట్టెకి తొడుగు, మరచెంబుకి తొడుగు, మా నాన్న కళ్ళజోడుకి సంచీ. ఆవిడ చేతికి చిక్కి తొడుగు లేకుండా మిగిలిన వస్తువు మా రెండిళ్ళలో లేదు. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే మధ్యాహ్నాలు ఆ వసారాకి చేరడం మొదలెట్టారు. కొందరు అల్లేవారు, కొందరు అల్లుతున్నామని ఇంట్లో చెప్పి వచ్చి నిద్రపోయేవారు. పిన్ని వాళ్ళని లేపేది కాదు.

నాకు బళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న చేత ఒప్పించినది కూడా ఆవిడే. గోడ దగ్గర నిలబడి, చేతిలో సూదులు ఆపకుండా, "బావా, దీన్ని పంపీ. కుదురులేని పిల్ల ఇంట్లో ఉంటే ఇల్లే అరిగిపోతాది" అంది. నాన్న ఫైలు ముందు పెట్టుకుని ఆలోచించే మనిషి. ఈ వాదం విని మాత్రం ఆ రోజే సరేనన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగింది. చుట్టాలు ఎక్కడివాళ్ళక్కడ ఒరిగారు. బాబాయి గదిలోంచి బయటికి రాలేదు. పిన్ని పెద్దకోడలు నిరుడే కాపరానికొచ్చిన పిల్ల. బొబ్బిలి దగ్గర పల్లె. చేట నిండా మినుములు పోసుకుని వసారాలో కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. మామ్మ కళ్ళు తెరిచింది.

"ఏటే సేస్తన్నావు?"

"మినుములు ఏరతన్నాను మామ్మా. రేపటికి గారెలకి."

"పక్కనెట్టు. ఈ ఇంట్లో ఈ యేళప్పుడు ఆడదానికి పనుండదు."

ఆ పిల్ల బిత్తరపోయింది. "మరేటి సెయ్యను?"

"నాకేటి తెలుసు? మీ అత్తయితే అల్లుకునేది. నీకేటి ఇష్టమో నువ్వే సూసుకో." మామ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

పిల్ల నాకేసి చూసింది. చేట గోడకి జరిపి లేచింది. కాసేపు గుమ్మంలో నిలబడింది, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. పెరట్లోకి వెళ్ళి జామచెట్టు కింద తల పైకెత్తి తిరిగింది. ఓ దోరకాయ కోసుకుంది. మెట్లమీద కూర్చుని, కాళ్ళు రెండూ ఎండలోకి చాపుకుని, కాయ కొరికి, ఎటూ కాకుండా చూస్తూ నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది.